నాలుగు టన్నుల ప్యాకింగు

మా శాఖ పుట్టడానికి కారణం ఒక ఇత్తడి కీచైను.

ఏదో సభలో ఒక పెద్దమనిషికి బహుమతి ఇచ్చారు. ఆయన పేరు మనకు అక్కర్లేదు, అప్పట్లో మంత్రి, అంతే. పెట్టె చూస్తే కుట్టుమిషను పట్టేంత ఉంది. ఆయన కెమెరాల ముందు విప్పడం మొదలుపెట్టారు. రంగు కాగితం కింద అట్టపెట్టె, అట్టపెట్టెలో థర్మోకోలు, థర్మోకోలు మధ్య ఇంకో అట్టపెట్టె, అందులో వెల్వెట్టు డబ్బా. పదకొండు నిమిషాలు విప్పాక కీచైను బయటపడింది. రాష్ట్రమంతా ఆ వీడియో చూసి నవ్వింది. ఆరు నెలలు తిరక్కుండా మితవేష్టన చట్టం వచ్చింది. వేష్టనం అంటే ప్యాకింగే. కానీ ప్యాకింగు అని పేరు పెడితే చట్టానికి గౌరవం ఉండదని ఎవరో సలహా ఇచ్చారట.

చట్టం చిన్నది. రోడ్డు మీద వెళ్లే ఏ సరుకుకైనా దాని బరువులో పదో వంతుకు మించి ప్యాకింగు ఉండకూడదు. ఉంటే బండి ఆపాలి. "తక్కువ చుట్టు, ఎక్కువ పెట్టు" అని గోడల మీద రాయించాం. నేను రెవెన్యూలో ఇరవై రెండేళ్లు చేసి, ఈ కొత్త శాఖలోకి సూపరింటెండెంటుగా వచ్చాను.

మా సంచాలకులు అనంతశయనం గారు. చాలా మంచివారు, నిజాయితీపరులు, చిక్కంతా అక్కడే వచ్చింది. శాఖలో చేరిన రోజు నుంచీ ఆయన ఆఫీసుకు క్యారేజీ తేవడం మానేశారు. క్యారేజీ ప్యాకింగు కిందికి వస్తుందట. మధ్యాహ్నం ఎర్రటి ఎండలో ఇంటికి నడిచి వెళ్లి తిని వచ్చేవారు. తాను పాటించనిది ఇంకొకరికి చెప్పని మనిషిని ఆపడం ఎవరి తరం?

మొదటి ఏడాదే మంచి ఫలితాలు వచ్చాయి. గాజు గిన్నెల వ్యాపారులు గడ్డి వేయకుండా సరుకు పంపడం నేర్చుకున్నారు. గిన్నెలు పగిలేవి. అయితే పగిలిన గిన్నెల బరువు తగ్గదు కాబట్టి మా గణాంకాలకు ఇబ్బంది రాలేదు. గుడ్డుకు పెంకు సరుకా, ప్యాకింగా అన్న ఫైలు మాత్రం నాలుగు నెలలు తిరిగింది. లెక్కపెట్టి అమ్మితే సరుకు, తూచి అమ్మితే ప్యాకింగు అని సంచాలకులు తీర్పు ఇచ్చారు. అది విని కోళ్లఫారాలవాళ్లు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

రెండో ఏడు ఏప్రిల్లో ఊరి బయట మా చెక్‌పోస్టు నుంచి ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు.

"సార్, ఒక లారీ ఆపాను. పెట్టె నాలుగు టన్నుల రెండు వందల కిలోలు తూగింది. లోపల సరుకెంతమ్మా అంటే నూట ఎనభై గ్రాములంటోంది బండితో వచ్చినావిడ. నేను సరిగానే విన్నానా అని రెండుసార్లు అడిగాను సార్."

మేం వెళ్లేసరికి లారీ మా తూకం యంత్రం పక్కన, వేపచెట్టు నీడకు కొంచెం ఇవతల ఆగి ఉంది. వెనక గుండ్రటి ఉక్కు పెట్టె, దాని మీద పసుపురంగు గుర్తు, చుట్టూ పసుపు తాడు కట్టేశారు. తాడు పక్కన ఒకావిడ చేతిలో చిన్న మీటరు పట్టుకుని నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. నేత చీర, కాళ్లకు మగవాళ్ల బూట్లు. ఆవిడ పేరు యశోధర, ఐసోటోపుల కేంద్రంలో భద్రతాధికారి. డ్రైవరు సైదులు నీడలో కూర్చుని కాగితాల సంచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పెట్టె ఎక్కడికి?" అని అడిగాను అతన్ని.

"సముద్రం ఒడ్డున క్యాన్సరు ఆసుపత్రికండి. అక్కడి మెషీనులో మందు అయిపోయిందంట. ఇరవయ్యేళ్లుగా ఇవే తోల్తన్నా. పోలీసులు ఆపారు, వరదలు ఆపినయ్. పెట్టె మందంగా ఉందని ఆపింది మీరే."

మర్నాడు ఉదయం సంచాలకుల గదిలో విచారణ జరిగింది.

"సరుకు ఏమిటమ్మా?" అన్నారు అనంతశయనం గారు.

"కోబాల్ట్ అండి. రేడియోధార్మిక పదార్థం. స్టీలు గొట్టంలో పెట్టి సీలు చేసి ఉంటుంది. నా బొటనవేలంత."

"దాని చుట్టూ?"

"సీసం. సీసం మీద ఉక్కు."

ఆయన కాలిక్యులేటరు తీసి లెక్క చూసుకున్నారు. "మీకు అనుమతించదగిన ప్యాకింగు పద్దెనిమిది గ్రాములు. సూపరింటెండెంటు గారూ, పద్దెనిమిది గ్రాములంటే సుమారుగా ఎంత?"

"రెండు పోస్టు కవర్లు సార్," అన్నాను. "కాస్త గట్టి కవరైతే ఒకటే."

యశోధర గారు నా వంక ఒకసారి చూశారు. కోపంగా కాదు. ఏదో రాని భాష వింటున్నట్టు.

"అది ప్యాకింగు కాదండి. కవచం. లోపలిది ఎప్పుడూ కిరణాలు చిమ్ముతూనే ఉంటుంది. వాటిని సీసం ఆపుతుంది."

"కవచం అనే మాట చట్టంలో లేదమ్మా. ఆ కవచం లేకపోతే ఏమవుతుంది?"

"ఒక మీటరు దూరంలో రెండు మూడు నిమిషాలు నిలబడిన మనిషి బతకడం కష్టం."

"అక్కడికక్కడేనా?"

"లేదండి. కొన్ని వారాలు పడుతుంది."

సంచాలకుల ముఖం తేటపడింది. "అయితే రవాణా సమయంలో కాదన్నమాట. మా పరిధి రవాణా వరకే."

ఆయన్ని అపార్థం చేసుకోకూడదు. సహాయం చేయాలనే ఆయన ఉద్దేశం. పోనీ సరుకును రెండు విడతలుగా పంపితే పెట్టె సగమవుతుందా అని అడిగారు. సరుకు సగం చేస్తే సీసం మందంలో ఒక్క సెంటీమీటరు తగ్గుతుందనీ, రెండు పెట్టెలూ కలిపి దాదాపు ఎనిమిది టన్నులవుతాయనీ ఆవిడ చెప్పారు. అలాగైతే ముందు సరుకు పంపించి, సీసం వెనకాల తీరిగ్గా పంపవచ్చు గదా అన్నారు ఆయన.

అదే గదిలో ఇంకో కుర్చీలో దయానందం గారని ఒకాయన కూర్చుని ఉన్నారు. అణు ఇంధనం తయారుచేసే కర్మాగారంలో రవాణా మేనేజరు. ఆయన డ్రమ్ములను మేం అంతకు వారం ముందే ఆపాం. పెద్ద డ్రమ్ము, దాని నడుమ సన్నటి గొట్టం, గొట్టంలో సరుకు. మిగతాదంతా ఖాళీ.

"మీది ఇంకా దారుణం దయానందం గారూ," అన్నారు సంచాలకులు. "ఆవిడ సీసమైనా మోస్తున్నారు. మీరు ఖాళీని మోస్తున్నారు. ఖాళీ కూడా ప్యాకింగే."

"ఆ ఖాళీయే కావాలండి," అన్నారు దయానందం గారు. వారంలో అది ఆయనకు ఏడోసారో ఎనిమిదోసారో చెప్పడం. "యురేనియం కొద్దికొద్దిగా, దూరదూరంగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. ఎక్కువ మొత్తం దగ్గరికి చేరితే ఒక దాంట్లోంచి వచ్చే కణాలు పక్కదాన్ని పగలగొడతాయి, అది ఇంకోదాన్ని. ఆ గొలుసు మొదలైతే మన చేతుల్లో ఉండదు. అందుకని మధ్యలో జాగా వదులుతాం."

"విడిగా ఉంటే ఒద్దిక, కలిస్తే అల్లరి. ఉద్యోగ సంఘాల్లాగా," అన్నారు సంచాలకులు. "అలాంటివాటిని క్రమశిక్షణలో పెట్టాలి గానీ జాగా ఇస్తే ఎలాగండి? పోనీ ఆ ఖాళీలో ఏదైనా పనికొచ్చేది నింపండి. ఎండాకాలం. చలివేంద్రాలకు మంచినీళ్ల ప్యాకెట్లు పంపవచ్చు."

దయానందం గారు కళ్లు మూసుకున్నారు. "నీళ్లు అసలే కూడదండి. నీళ్లుంటే ఆ గొలుసు ఇంకా తేలిగ్గా మొదలవుతుంది."

సంచాలకులు ఫైలు మీద "యాజమాన్యం సహకరించుట లేదు" అని రాశారు. దయానందం గారు ఆ సాయంత్రమే డ్రమ్ములన్నీ మా గోదాములోంచి వెనక్కి తీసుకుపోయి, కర్మాగారంలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని రెండు నెలల మెడికల్ లీవు పెట్టారు. ఆ పని యశోధర గారు చేయలేకపోయారు. ఆవిడ పెట్టె కోసం అవతల మనుషులు ఎదురుచూస్తున్నారు.

ఆ సంగతి నాకు ఫోను వల్ల తెలిసింది. ఆవిడకు రోజూ పదకొండింటికి ఆసుపత్రి నుంచి డాక్టరు షబానా గారు ఫోను చేసేవారు. మా వరండాలో నిలబడి మాట్లాడుతుంటే నా కిటికీలోకి వినిపించేది. పాత కోబాల్టు బలం తగ్గిపోయి మెషీను ఆపేశారు. సగం వైద్యం అయినవాళ్లు వార్డులో ఉండిపోయారు. వాళ్లలో చుక్కమ్మ అని ఒకామె ఉంది. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసేది. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సరు. మెషీను కిరణాలతో ఇరవై అయిదు సిట్టింగులు ఇవ్వాలి, పదకొండు అయ్యాయి. మధ్యలో ఆపితే తగ్గినది మళ్లీ పెరుగుతుంది.

"వైద్యం ఆగి ఇవాళ ఎన్నో రోజు?" అని అడిగేవారు యశోధర గారు. అవతల ఏ అంకె చెప్పేవారో గానీ, విన్నాక ఆవిడ దాన్ని చిన్న పుస్తకంలో రాసుకునేవారు.

మా శాఖ ఊరుకోలేదు. విషయం సాంకేతికమైనదని గుర్తించి నిపుణుల సంఘం వేసింది. మిఠాయి దుకాణాల సమాఖ్య అధ్యక్షుడు, పట్టుచీరల పెట్టెలు తయారుచేసే ఒక వ్యాపారి, గృహవిజ్ఞానశాస్త్రం చెప్పే ఒక విశ్రాంత ఉపన్యాసకురాలు. ముగ్గురూ లారీని దూరం నుంచి పరిశీలించారు. అయిదు రోజుల్లో అరవై రెండు పేజీల నివేదిక ఇచ్చారు. సీసం స్థానంలో సంప్రదాయబద్ధమైన తాటాకు బుట్ట వాడవచ్చని, గాలి ఆడుతుంది కాబట్టి సరుకు ముక్కిపోదని అందులో సూచించారు. పట్టుచీరల పెట్టెలాయన మాత్రం అసమ్మతి తెలిపారు. మూతకు పారదర్శకమైన కిటికీ ఉండితీరాలని, కొనేవాడికి సరుకు కనబడడం న్యాయమని ఆయన వాదన.

ఆ నివేదిక చివర ఒక వాక్యం ఉంది. సంఘం సభ్యులెవరూ సరుకును స్వయంగా చూడలేదు కనుక, అది నిజంగా నూట ఎనభై గ్రాములే అన్నది నిర్ధారణ కావలసి ఉన్నది. ఆ వాక్యం పట్టుకుని సంచాలకులు ఉత్తర్వు ఇచ్చారు. వచ్చే సోమవారం పది గంటలకు అయిదుగురు పంచులు సాక్షులుగా పెట్టె విప్పి, సరుకు బయటికి తీసి, తూకం వేయవలెను.

ఉత్తర్వు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. యశోధర గారు చదివి, మడిచి, నన్ను రెండు తెల్లకాగితాలు అడిగారు. తెచ్చి ఇచ్చాను.

సోమవారం పొద్దున్న సైదులు లారీ దగ్గరికి ఎవర్నీ రానివ్వకుండా తాడు ఇంకా దూరంగా జరిపి కట్టాడు. పంచులు అయిదుగురు వచ్చారు. గ్యాసు కట్టరుతో ఒక వెల్డింగు మనిషి వచ్చాడు. నగల దుకాణం నుంచి తెప్పించిన చిన్న త్రాసు బల్ల మీద పెట్టారు. యశోధర గారు ఆ బల్ల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముందు ఆ రెండు కాగితాలు. గళ్లు గీసి ఉన్నాయి.

"పేరు చెప్పండి," అన్నారు మొదటి పంచుతో.

అతను చెప్పాడు. వయసు చెప్పాడు. రక్తం గ్రూపు అడిగితే తెలియదన్నాడు.

"పర్వాలేదు. ఏదైనా అయితే ఎవరికి కబురు చేయాలి? ఫోను నంబరుతో సహా."

"ఏదైనా అంటే ఏంటమ్మా?"

"నేను చెప్తాను, మీరు నిదానంగా వినండి," అన్నారు ఆవిడ. "వాంతులతో మొదలవుతుంది. ఓ గంటలోపే. తర్వాత తగ్గినట్టే ఉంటుంది. మీరు ఇంటికి వెళ్తారు, బాగానే ఉన్నామనుకుంటారు. వారం, పది రోజులు. ఆ తర్వాత ఆసుపత్రిలో చేర్చాలి. అందుకని కబురు చేయవలసిన మనిషి పేరు ముందే కావాలి. ఇది రాయకుండా మూత మీద చెయ్యి వేయనివ్వను. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. నా ఉద్యోగంలో ఇది రాయాలి."

అతను ఆ కాగితంలోకి తొంగిచూశాడు. మొదటి వరసలో అప్పటికే ఒక పేరు రాసి ఉంది. ఆవిడదే. వయసు యాభై ఒకటి, రక్తం ఓ పాజిటివ్, కబురు చేయవలసినది చెల్లెలికి. రెండో వరసలో సైదులు పేరు, వాళ్ల ఆవిడ నంబరు.

"మీరెందుకమ్మా?" అన్నాడు అతను.

"తీసేటప్పుడు నేను దగ్గరుండాలి గదా."

నేను చాలా పంచనామాలు చూశాను. మనుషులు అంత నెమ్మదిగా, అంత మర్యాదగా మాయమవడం ఎక్కడా చూడలేదు. ఒకతనికి స్కూలు నుంచి ఫోను వచ్చింది. ఇంకొకతను మంచినీళ్లు తాగొస్తానని వెళ్లాడు. వెల్డింగు మనిషి సిలిండరు కూడా అక్కడే వదిలేసి వెళ్లాడు, మర్నాడు వాళ్ల అన్న వచ్చి తీసుకుపోయాడు. పదిన్నరకు సంచాలకులకు సచివాలయంలో అత్యవసర సమావేశం ఉన్నట్టు గుర్తొచ్చింది. "కోరం లేనందున తెరచుట వాయిదా వేయడమైనది" అని నేను రికార్డు చేశాను.

ఆవిడ కాగితం బల్ల మీదే ఉండిపోయింది. ఎగిరిపోతుందని తీసి నా డ్రాయరులో పెట్టుకున్నాను. మూడో వరస తర్వాత అన్నీ ఖాళీ గళ్లు. అంతకుముందు పదిహేను రోజులుగా ఆ ఫైలు మీద నేను రాసిన నోట్లన్నీ తిరగేశాను. ఒక్క నోటులోనూ తప్పు లేదు. ప్రతి వాక్యం చట్ట ప్రకారమే ఉంది. ఫైలు మూసేశాను. ఆ మధ్యాహ్నం చట్టం పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదివాను. నిర్వచనాల దగ్గర ఆగాను.

"సరుకు అనగా రవాణా అగుచున్న మొత్తములో అధిక భాగము. వేష్టనము అనగా తక్కిన భాగము."

కీచైను పెట్టె కథ జరిగినప్పుడు తొందరలో రాసిన చట్టం. సరుకంటే ఏమిటో అందరికీ తెలుసు గదా అనుకుని ఎవరో అలా రాసి పారేశారు.

ఫారం తీసుకుని వరండాలోకి వెళ్లాను. "మేడం, ఇక్కడ సరుకు అన్న చోట సీసం, ఉక్కు అని రాయండి. నాలుగు టన్నుల రెండు వందల కిలోలు. ప్యాకింగు అన్న చోట కోబాల్టు, నూట ఎనభై గ్రాములు. మీ పెట్టె సాయంత్రానికల్లా కదులుతుంది."

ఆవిడ ఫారం చూశారు, చట్టం చూశారు. ఆవిడకు వెంటనే అర్థమైంది. అయినా తల అడ్డంగా ఊపారు.

"నాది ఇరవై ఆరేళ్ల సర్వీసండి. నా పనంతా ఒకటే, పెట్టె మీద రాసినదీ లోపల ఉన్నదీ ఒకటే కావాలి. దారిలో లారీ బోల్తా పడిందనుకోండి, పరిగెత్తుకొచ్చిన మనిషి ఆ రాతే చూస్తాడు. దాన్ని బట్టే దగ్గరికి రావాలో పారిపోవాలో తేల్చుకుంటాడు. నేను సీసమని రాస్తే?"

"పెట్టె మీద రాత మార్చక్కర్లేదు మేడం. పసుపు గుర్తు అలాగే ఉంటుంది. మీ అణుశక్తి కాగితాలు అలాగే ఉంటాయి. మా ఫారం మాత్రమే. దాన్ని మా శాఖలో తప్ప లోకంలో ఎవరూ చదవరు."

"తప్పుడు కాగితం ఒకటి సంతకం పెట్టాక రెండోది తేలికవుతుందండి," అన్నారు ఆవిడ. ఫారం నాకు తిరిగి ఇచ్చేశారు.

నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. పదకొండు గంటల ఫోను ఆ రోజు మూడింటికి వచ్చింది. ఆవిడ స్పీకరు పెట్టారో, డాక్టరు గారి గొంతే పెద్దదో, అవతలి మాట కూడా నాకు వినబడింది.

"చుక్కమ్మ సంచి సర్దుకుంది మేడం. ఆపితే మళ్లీ మొదటికొస్తుందని చెప్పాను. 'మెషీనుకే మందు లేనప్పుడు నాకేటి మందు, ఎల్లి పిక్కలు కొట్టుకుంటాను' అంటోంది. రేపు పొద్దున్న బస్సుకు వెళ్తానంటోంది. నేను ఎన్ని రోజులని చెప్పి ఆపను?"

"రెండు రోజులని చెప్పండి," అన్నారు యశోధర గారు.

ఆవిడే లోపలికి వచ్చి ఫారం అడిగి తీసుకున్నారు. నా బల్ల దగ్గర నిలబడే నింపారు. సంతకం పెట్టి, దాని కింద తన చేతిరాతతో రెండు వాక్యాలు చేర్చారు. "ఈ మాటలు మితవేష్టన చట్టంలోని నిర్వచనం ప్రకారం మాత్రమే. ఈ పెట్టెలో మనిషిని చంపగలది ఉన్నది." ఆ రెండో వాక్యం ఫారానికి అక్కర్లేదని నేను అనలేదు. ఆవిడ పెన్ను మూత పెట్టి, బయటికి వెళ్లి, కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

సంచాలకులు సచివాలయం నుంచి వచ్చి ఫారం చూశారు. కాలిక్యులేటరు నొక్కారు. మళ్లీ నొక్కారు.

"సూపరింటెండెంటు గారూ, నాలుగు టన్నుల సరుకుకి నూట ఎనభై గ్రాముల ప్యాకింగా?"

"అవును సార్. వందకి ఒక వంతు కూడా లేదు. అందులో వందో వంతు కూడా లేదు."

ఆయన కళ్లు చెమర్చాయి. నేను అబద్ధం చెప్పడం లేదు. రెండేళ్లుగా ఆయన రాష్ట్రమంతా తిరిగి అడుగుతున్నది ఇదే. "ఇన్నాళ్లూ ఈ మహాతల్లిని మనం ఆపి ఉంచామా," అన్నారు. అప్పటికప్పుడు "మితవేష్టన శిరోమణి" పురస్కారం ప్రకటించారు. శాలువా తెప్పించారు. శాలువాకు కవరు లేదు. లారీ పక్కన ఫోటో దిగుదామని బయల్దేరితే, తాడు దగ్గర యశోధర గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇక్కణ్నించే తీయించుకుందామండి."

"ఎందుకమ్మా, సరుకు సీసమే గదా."

"సరుకు సీసమేనండి. ప్యాకింగుతోనే జాగ్రత్త."

సైదులు సాయంత్రం అయిదింటికి లారీ కదిలించాడు. తరువాత సంగతులు నాకు డాక్టరు గారి ద్వారా తెలిశాయి. మర్నాడు మధ్యాహ్నానికి పెట్టె చేరింది. మెషీనులోకి కొత్త కోబాల్టు ఎక్కించారు, పాతది అదే పెట్టెలోకి దించారు, కొలతలన్నీ అయ్యాక మూడో రోజు ఉదయం మొదటి పేషెంటుగా చుక్కమ్మను పడుకోబెట్టారు. ఆమె సంచి ఇంకా విప్పలేదట, దాన్ని తలుపు దగ్గర పెట్టి లోపలికి వెళ్లిందట.

ఇక్కడితో అయిపోవాలి. కానీ మా చట్టంలో పద్నాలుగో సెక్షను ఉంది. సరుకు చేరిన పది రోజుల్లోగా ప్యాకింగును చేరినచోట వదిలేయకుండా వెనక్కి తేవాలి. సీసం పెట్టె తిరుగు ప్రయాణంలో మా చెక్‌పోస్టు దాటినప్పుడు ఇన్‌స్పెక్టరు కాగితాలు సరిచూశాడు. సరుకు సరుకంతా తిరిగొచ్చింది. అందులో ఉన్న ప్యాకింగు నంబరు మాత్రం వేరు. అంటే ఆసుపత్రివాళ్లు సరుకు తీసుకోకుండా వెనక్కి పంపి, కొత్త ప్యాకింగు మాత్రం ఉంచేసుకున్నారు. ఇలాంటి నేరం మా శాఖ చరిత్రలో లేదు.

రెండు నోటీసులు వెళ్లాయి. డాక్టరు గారు రెండింటికీ ఒకే జవాబు రాశారు. ప్యాకింగు వాడకంలో ఉంది, వచ్చి చూడవచ్చు. శిరోమణి పురస్కారం ఇచ్చిన వ్యవహారంలో మచ్చ మిగలకూడదని అనంతశయనం గారు తానే బయల్దేరారు. నన్నూ, ఒక అటెండరునూ వెంటబెట్టుకున్నారు. అటెండరు చేతిలో ఒక గోనెసంచి, ప్యాకింగు వేసి తేవడానికి.

ఆసుపత్రి నేలమాళిగలో పొడుగాటి నడవా. బెంచీల మీద తలకు గుడ్డ కట్టుకున్నవాళ్లు, గొంతు మీద వంకాయరంగు గీతలు గీయించుకున్నవాళ్లు, సంచుల్లో రిపోర్టులు పట్టుకున్నవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎవరూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. సంచాలకులకు ఒకరు జరిగి చోటిచ్చారు. ఆయన కూర్చున్నారు. గోనెసంచి పట్టుకున్న అటెండరు ఎక్కడ నిలబడాలో తెలియక గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

డాక్టరు షబానా గారు మమ్మల్ని లోపలి గదిలోకి తీసుకెళ్లారు. అక్కడ ఒక టీవీ తెర. తెర మీద బల్ల, బల్ల మీద ఒంటరిగా ఒక మనిషి కదలకుండా పడుకుని ఉంది. పైన ఎర్రదీపం వెలుగుతోంది.

"మీ ప్యాకింగు ఈ గోడకు అవతల ఉంది," అన్నారు డాక్టరు గారు. "ఆ మెషీను తలలో. ఇప్పుడు పనిచేస్తోంది."

సంచాలకులు గోడ వంక చూశారు. వేలితో కొట్టి చూశారు. "ఎంత మందం?"

"అయిదడుగుల కాంక్రీటు."

"అయిదడుగులా," అని ఆయన జేబులోంచి కాలిక్యులేటరు తీశారు. అలవాటు. గది పొడుగెంత, వెడల్పెంత, గోడ బరువెంత అని అడగబోతున్నారని నాకు అర్థమైంది. అంతలో ఎర్రదీపం ఆరింది. నర్సు బరువైన తలుపు లాగింది. లోపలున్నామె చీర సర్దుకుంటూ, జుట్టు ముడి వేసుకుంటూ బయటికి వచ్చింది. నల్లటి వేళ్లు, జీడిరసానికి కాలి పెచ్చులు లేచిన చేతులు. చుక్కమ్మే. ఇరవై అయిదులో అది ఇరవై నాలుగో సిట్టింగు.

ఆమె మా సంచాలకుల మొహం చూసింది. ఆయన అప్పటికే తలుపుకు ఎదురుగా లేకుండా పక్కకు జరిగి, కాలిక్యులేటరు గుండెలకు ఆనించుకుని నిలబడి ఉన్నారు.

"ఏటి బాబూ, నీకూ ఇదేనా?" అంది. "బయపడకు. లోన ఏటీ తెలీదు. కళ్లు మూసుకుని పడుకుంటే సాలు. నాను ముందు ఏడ్సీసినాను గానీ, ఇప్పుడు నిద్రట్టేస్తంది."

ఆయన తలూపారు. ఆమె సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నర్సు ఇంకొకతన్ని లోపలికి తీసుకెళ్లి, తాను బయటికి వచ్చి, తలుపు మూసింది. ఎర్రదీపం మళ్లీ వెలిగింది.

"ప్యాకింగు స్వాధీనం చేసుకుంటారా?" అని డాక్టరు గారు చాలా మామూలుగా అడిగారు. "ఈ పేషెంటు అవగానే తలుపు తీయిస్తాను. విప్పి తీసుకోవలసిన పని మాత్రం మీదే."

సంచాలకులు నా వంక చూశారు. "సూపరింటెండెంటు గారూ, ప్యాకింగు ఉన్నట్టు కళ్లారా చూశాం గదా. 'దూరము నుండి స్వాధీనపరచుకొని, వాడుక నిమిత్తము సదరు ఆసుపత్రి వద్దనే ఉంచడమైనది' అని రాయండి."

రాశాను. ఆయన సంతకం పెట్టారు. కాగితం గోడకు ఆనించి పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, అటెండరు వీపు మీద పెట్టి చేశారు. కాలిక్యులేటరు జేబులో వేసుకున్నారు. వెళ్లడానికి తిరిగారు గానీ వెళ్లలేదు. ఆ గోడనే చూస్తూ నిలబడ్డారు.

"డాక్టరు గారూ, ఈ అయిదడుగులు సరిపోతాయా?"

"సరిపోతాయండి. లెక్కగట్టి కట్టినవే."

"అది సరే," అన్నారు ఆయన గొంతు తగ్గించి. "ఇంకో అడుగు పెంచడానికి వీలుందా?"

డాక్టరు గారు సమాధానం చెప్పేలోపల ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. నేనూ వేశాను.